ఒక్క అక్షరం మారితే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు 20 నిమిషాలు ఇచ్చారు. "మీ సబ్జెక్టే చెప్పండి, కాని అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పండి" అన్నారు. వైద్య విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి. పాత జ్ఞాపకాలు నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. కాబట్టి నేను ఒక పాఠం చెబుతాను. దానికి మన బడితో, మన హాస్టల్‌తో ఉన్న సంబంధం కూడా చెబుతాను. చివర్లో ఒక కోరిక కోరతాను.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ ఒక పుస్తకం ఉందనుకోండి. దాని పేరు డిఎన్ఎ. ఆ భాషకు అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. పుస్తకం రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, రెండోది నాన్న ఇచ్చింది. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. ఒక్క కణంలోని డిఎన్ఎని విప్పి చాపితే సుమారు 2 మీటర్లు ఉంటుంది.

ఈ భాషలో మూడేసి అక్షరాలకు ఒక మాట. నాలుగు అక్షరాలతో అలాంటి మాటలు 64 వస్తాయి. వాటిలో 61 మాటలకు ఏదో ఒక ఎమైనో ఆమ్లం అని అర్థం. మిగతా 3 మాటలు వాక్యం చివర పెట్టే చుక్కలాంటివి, "ఇక్కడ ఆపు" అని చెబుతాయి. ఎమైనో ఆమ్లాలు 20 రకాలే. అందుకని ఒకే ఆమ్లానికి రెండు, మూడు, కొన్నిటికి ఆరు మాటలు కూడా ఉన్నాయి. మామిడి అన్నా, మావిడి అన్నా అదే పండు వచ్చినట్టు.

కణం ఈ మాటల్ని వరుసగా చదువుతూ ఎమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చుతుంది. ఆ దండే ప్రోటీన్. మన పుస్తకాల్లో మాంసకృత్తు అని చదువుకున్నాం. అయితే దండ దండగానే ఉంటే పని జరగదు. అది తనంత తాను మడతలు పడి ఒక రూపానికి రావాలి. నీళ్ళంటే ఇష్టపడే పూసలు ఎక్కువగా పైకి వస్తాయి. నూనెలాగా నీటికి దూరంగా జరిగే పూసలు లోపలికి ముడుచుకుంటాయి. ఆ రూపం వల్లే ప్రోటీన్ తన పని చేస్తుంది. తాళంచెవి ఏ లోహంతో చేసినా దాని పళ్ళు సరిగ్గా ఉంటేనే తాళం తెరుచుకుంటుంది కదా, అలాగన్నమాట.

కణం రెండుగా చీలే ముందు ఈ 300 కోట్ల అక్షరాల పుస్తకాన్ని మళ్ళీ రాసుకోవాలి. రాసిన దాన్ని దిద్దే ఏర్పాటు కూడా కణంలోనే ఉంది. మన తెలుగు మాస్టారి ఎర్ర సిరా కన్నా కఠినమైన దిద్దుబాటు అది. అయినా ఎక్కడో ఒక అక్షరం తప్పిపోతుంది. దాన్నే ఉత్పరివర్తనం, మ్యుటేషన్ అంటాం. పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు కొన్ని పదులు ఉంటాయి. ఎక్కువభాగం ఏ హానీ చేయవు. కాబట్టి తప్పుల్లేని పుస్తకం ఈ సభలో ఎవరి దగ్గరా లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

అక్షరం తప్పితే ఏమవుతుందో చూద్దాం. మూడక్షరాల మాటలతో ఒక వాక్యం రాసుకుందాం.

సరళ పలక కడిగి నిలిపె.

ఇందులో "ప" బదులు "చి" పడిందనుకోండి. "సరళ చిలక కడిగి నిలిపె" అవుతుంది. ఒక్క మాట మారింది, మిగతా వాక్యం బాగానే ఉంది, అర్థం మాత్రం వింతగా తయారైంది. రెండో రకం: ఆ "ప" పూర్తిగా ఎగిరిపోయింది. కణానికి మూడేసి అక్షరాలు చదవడమే వచ్చు. కాబట్టి "సరళ లకక డిగిని లిపె" అని చదువుతుంది. తప్పు జరిగింది ఒక్కచోటే అయినా అక్కడి నుంచి చివరిదాకా ఒక్క మాటకూ అర్థం ఉండదు. మూడో రకం: మధ్యలో ఎక్కడో చుక్క పడింది. "సరళ పలక." అంతే, వాక్యం అక్కడితో ఆగిపోయింది.

ఇవి నేను కల్పించిన ఉదాహరణలు. నిజమైనవి మన రక్తంలోనే ఉన్నాయి. ఎర్ర రక్తకణాల నిండా ఉండే హీమోగ్లోబిన్ ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకుని ఒళ్ళంతా చేరవేస్తుంది. పెద్దల్లో ఉండే హీమోగ్లోబిన్‌లో నాలుగు దండలు ఉంటాయి. రెండు ఆల్ఫా, ఒక్కోదానికి 141 పూసలు. రెండు బీటా, ఒక్కోదానికి 146 పూసలు. బీటా దండను రాసిపెట్టిన జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది.

ఆ ఒక్క జన్యువులోనే పైన చెప్పిన తప్పులన్నీ మన దేశంలో కనిపిస్తాయి. 15వ మాటలో ఒక జి స్థానంలో ఎ పడితే అది "ఆపు" అనే మాటగా మారుతుంది. 146 పూసల దండ 14 దగ్గరే తెగిపోతుంది. 8, 9 మాటల మధ్య ఒక జి అదనంగా చేరినా, 41, 42 మాటల దగ్గర నాలుగు అక్షరాలు ఎగిరిపోయినా అక్కడి నుంచి వరుస మొత్తం తప్పుతుంది. కొందరిలో 619 అక్షరాల ముక్క ఏకంగా ఊడిపోయింది. మన దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇంకో రకం. జన్యువులో చదవవలసిన భాగాల మధ్య వదిలేయవలసిన భాగాలు ఉంటాయి. ఎక్కడ కత్తిరించి ఎక్కడ అతకాలో చెప్పే గుర్తు దగ్గర ఒక జి, సిగా మారుతుంది. కత్తెర తప్పు చోట పడుతుంది. ఇవన్నీ బీటా తలసేమియాకు దారితీస్తాయి. వీటిలో సరైన బీటా దండ తయారవదు, లేదా చాలినంత తయారవదు. రెండు ప్రతుల్లోనూ ఇలాంటి తప్పు ఉండి, జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించవలసి వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా చిన్న తప్పు దగ్గరికి వద్దాం. ఆరో మాట జి.ఎ.జి. దాని అర్థం గ్లుటామిక్ ఆమ్లం. మధ్యలోని ఎ, టిగా మారితే జి.టి.జి. అవుతుంది. దాని అర్థం వాలీన్. దండ తెగలేదు, వరుస తప్పలేదు. 146 పూసల్లో ఒక్క పూస మారింది. మన భాషలో చెప్పాలంటే పలక చిలక అయింది.

కాని ఆ రెండు పూసల గుణాలు పూర్తిగా వేరు. గ్లుటామిక్ ఆమ్లానికి రుణ విద్యుదావేశం ఉంది, నీళ్ళతో కలుస్తుంది. వాలీన్ నూనె స్వభావం కలది. ఈ ఆరో పూస ఉండేది హీమోగ్లోబిన్ పైభాగంలో, నీటికి ఎదురుగా. హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను దించేశాక దాని రూపం కొంచెం మారుతుంది. అప్పుడు పక్కనున్న హీమోగ్లోబిన్ మీద ఒక చిన్న గుంట తెరుచుకుంటుంది. ఆ గుంట కూడా నూనె స్వభావం కలదే. వాలీన్ వెళ్ళి అందులో గడియలా పడుతుంది. దానికి ఇంకోటి, దానికి మరోటి తగులుకుంటాయి. చివరికి 14 పోగులు పేనిన తాళ్ళలాగా కణమంతా నిండిపోతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని రక్తనాళాల్లో వంగి దూరిపోవలసిన కణం బిరుసెక్కి కొడవలిలాగా వంకర తిరుగుతుంది. అదే సికిల్ సెల్, కొడవలి కణ వ్యాధి.

ఆ కణాలు నాళాల్లో అడ్డం పడితే ఆ భాగానికి ఆక్సిజన్ అందదు. ఎముకల్లో, కీళ్ళ దగ్గర భరించలేని నొప్పి వస్తుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10, 20 రోజుల్లోనే పగిలిపోతుంది. అందుకే రక్తహీనత. పగిలిన కణాల నుంచి తయారయ్యే పసుపు పదార్థం పేరుకుంటే కళ్ళు పచ్చబడతాయి. ఒక అక్షరం, ఒక పూస, ఒక గడియ, ఒక తాడు, ఒక కొడవలి, ఒక పిల్లవాడి ఏడుపు. గొలుసులో ఏ లింకూ తెగకుండా మనకు పూర్తిగా తెలిసిన జబ్బుల్లో ఇది ముందుంటుంది.

ఈ గొలుసు తెలియడానికి సుమారు 50 ఏళ్ళు పట్టింది. 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తంలో వంకర కణాలు చూసినట్టు ప్రచురించాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరే వేగంతో కదులుతోందని చూపించి, దీన్ని అణువుకు వచ్చిన జబ్బు అన్నది. 1956, 57లలో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇంగ్రమ్ ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేసి, ముక్కలన్నిటినీ పోల్చి, తేడా ఒక్క ఎమైనో ఆమ్లంలోనే ఉందని తేల్చాడు. జన్యువులో తప్పు ప్రోటీన్‌లో ఎక్కడ ఎలా బయటపడుతుందో మనిషి మొదటిసారి వేలు పెట్టి చూపించింది అప్పుడే.

ఇంకో సంగతి. అదే ఆరో మాటలో మొదటి అక్షరం మారి ఎ.ఎ.జి. అయితే గ్లుటామిక్ ఆమ్లం బదులు లైసీన్ వస్తుంది. దాన్ని హీమోగ్లోబిన్ సి అంటారు. అది రెండు ప్రతుల్లోనూ ఉన్నా వచ్చే ఇబ్బంది తక్కువే. చోటు అదే, తప్పు కూడా ఒక అక్షరమే. కాని లైసీన్‌కు నూనె స్వభావం లేదు, ఆ గుంటలో గడియలా పడదు. కాబట్టి "మ్యుటేషన్" అనే మాట వినగానే భయపడనక్కర్లేదు. ఏ అక్షరం, ఎక్కడ, రూపాన్ని ఎంత మార్చింది, ఒక ప్రతిలోనా రెండింటిలోనా అని అడగాలి.

ఆ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఒక ప్రతిలో తప్పు ఉండి రెండో ప్రతి బాగున్నవాళ్ళను వాహకులు అంటాం. వాళ్ళ కణాల్లో మంచి హీమోగ్లోబిన్ సగానికి పైగా ఉంటుంది. తాళ్ళు పేనడానికి అది అడ్డుపడుతుంది. వాళ్ళు రోగులు కారు. చదువుతారు, ఆడతారు, పొలం పనులు చేస్తారు, నిండు జీవితం గడుపుతారు. పైగా వాళ్ళకు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో ఈ సంగతి గమనించాడు. మలేరియా దోమ కడుపులో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడని మనం చదువుకున్నాం. మన్యం జ్వరం అంటే ఏమిటో ఏజెన్సీవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తరతరాలుగా ఆ జ్వరం మధ్య ఈ అక్షరం ఉన్నవాళ్ళు కొంచెం ఎక్కువగా బతికి బట్టకట్టారు. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఈ మార్పు నిలిచింది. కొండవాళ్ళ రక్తం చెడ్డదనేవాళ్ళకు చెప్పవలసిన జవాబు ఇది.

ఇప్పుడు మన బడి దగ్గరికి వస్తాను. మన హాస్టల్‌లో కొండ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మా తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. లెక్కల్లో మా అందరికన్నా ముందు. చలికాలం వచ్చిందంటే మోకాళ్ళు పట్టుకుని ముడుచుకుని పడుకునేవాడు. కళ్ళు పచ్చగా ఉండేవి. కామెర్లని కొందరు పసరు పోయించారు. డ్రిల్లు ఎగ్గొట్టడానికి వేషాలని కొందరన్నారు. తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పోయాడని ఆ వేసవిలో కబురు వచ్చింది. అతనికి ఏ రక్తపరీక్షా జరగలేదు, కాబట్టి అది ఫలానా జబ్బేనని ఇవాళ నేను తీర్పు చెప్పలేను. అవే లక్షణాలతో ఇప్పుడొక పిల్లవాడు వస్తే ఏ పరీక్ష చేయించాలో మాత్రం చెప్పగలను.

ఆ పరీక్ష కష్టమైనది కాదు. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి ద్రావణంలో కలుపుతారు. గొట్టం వెనక గీతలున్న కాగితం పెడతారు. గీతలు స్పష్టంగా కనబడితే కొడవలి హీమోగ్లోబిన్ లేదన్నమాట. ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే అది ఉన్నట్టు. వాహకుడా, రోగా అన్నది తేల్చడానికి ఇంకో పరీక్ష చేస్తారు. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. 40 ఏళ్ళలోపు వాళ్ళలో 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి.

ఇదంతా ఏజెన్సీవాళ్ళ సంగతి, మనకెందుకు అనుకునేవాళ్ళకు ఇంకో ఉదాహరణ. మన వైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్‌కు ముందు కండరాలు వదులు చేయడానికి ఇచ్చే స్కోలిన్ అనే మందు పడదు. ఆ మందును కరిగించే ఎంజైము జన్యువులో ఒక టి, సిగా మారింది. 307వ స్థానంలో ల్యూసీన్ పోయి ప్రోలీన్ వచ్చింది. ప్రోలీన్ బిగుసుకున్న ఉంగరంలాంటి పూస, దండ వంపుల్ని మార్చేస్తుంది. రెండు ప్రతుల్లోనూ ఇది ఉంటే రక్తంలో ఆ ఎంజైము దాదాపు పనిచేయదు. నిమిషాల్లో దిగిపోవలసిన మందు గంటల తరబడి ఉండిపోతుంది. అంతసేపూ మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, కథ అక్కడితో సరి. తెలియకపోతేనే ప్రమాదం. తరతరాలు లోలోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న ప్రతి కులంలో, ప్రతి తెగలో ఇలాంటి సొంత అక్షరదోషాలు కొన్ని ఉంటాయి. మేనరికం చేసుకుంటే ఇద్దరి దగ్గరా ఒకే తప్పు ఉండే అవకాశం ఇంకా పెరుగుతుంది.

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి లెక్క కూడా చెబుతాను. సికిల్ సెల్ వాహకులు ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకుడయ్యే అవకాశం 50 శాతం, ఏమీ లేకపోవడం 25 శాతం. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పూ కొత్తగా బొమ్మా బొరుసూ వేసినట్టే. ఒక్కరే వాహకులై, రెండోవారికి హీమోగ్లోబిన్ తప్పులేవీ లేకపోతే బిడ్డకు ఈ జబ్బు రాదు. కాబట్టి వాహకులకు పెళ్ళి వద్దని ఎవరూ అనకూడదు. జాతకాలు చూపించుకునేవాళ్ళు చూపించుకోండి, దాంతోపాటు రక్తపరీక్ష కాగితం కూడా చూసుకోండి. ఇద్దరూ వాహకులైతే గర్భం వచ్చిన మొదటి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయించుకునే వీలుంది.

జబ్బు ఉన్న పిల్లలకు ఇవాళ వైద్యం ఉంది. హైడ్రాక్సీయూరియా అనే బిళ్ళ చాలామందికి నొప్పుల్ని తగ్గిస్తుంది. కడుపులో బిడ్డకు ఉండే హీమోగ్లోబిన్ వేరు, అందులో బీటా దండే లేదు. ఈ మందు దాన్ని మళ్ళీ కొంత తయారయ్యేట్టు చేస్తుంది. 2023 చివరలో బ్రిటన్, అమెరికా ఒక జన్యు చికిత్సకు అనుమతి ఇచ్చాయి. అందులోనూ ఉపాయం అదే, కడుపులోని నాటి హీమోగ్లోబిన్‌ను ఆపేసిన స్విచ్చిని కత్తిరించడం. దాని ఖరీదు కోట్లలో ఉంది. అది మన పిల్లలదాకా వచ్చేలోపు మంచినీళ్ళు, టీకాలు, బిళ్ళలు, అర్థం చేసుకునే పెద్దలు, ఇవే ప్రాణం కాపాడతాయి.

ఉపాధ్యాయులకు నా విన్నపం. ఈ జబ్బు ఉన్న పిల్లవాడు మాటిమాటికీ నీళ్ళు తాగాలి, మాటిమాటికీ బయటికి వెళ్ళాలి. అడిగినప్పుడల్లా పంపించండి. చలిలో, వానలో, మండుటెండలో పరుగులు పెట్టించకండి. నొప్పి అంటే నమ్మండి. 101 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వాహకుడని తేలిన పిల్లవాణ్ణి రోగి అని పిలవనీయకండి. ఎవరి కార్డులో ఏముందో తరగతిలో చదవకండి.

చివరగా నా కోరిక. స్వర్ణోత్సవానికి గుర్తుగా ఏం కట్టాలని సంఘంలో చర్చ జరుగుతోంది. ముఖద్వారం మంచిదే, రంగస్థలం మంచిదే. వాటితోపాటు ఇంకో పని కూడా చేద్దాం. ప్రభుత్వ వైద్యసిబ్బందిని పిలిచి, తల్లిదండ్రుల అనుమతితో, హాస్టల్ పిల్లలతో మొదలుపెట్టి ప్రతి విద్యార్థికీ ఈ పరీక్ష చేయిద్దాం. ఫలితం వచ్చిన ఇంటికి మనలో ఒకరు వెళ్ళి, కూర్చుని, వాళ్ళ భాషలో అర్థమయ్యేలా చెబుదాం. ఏటా బడి తెరిచాక కొత్తగా చేరినవాళ్ళకు కూడా చేయిద్దాం. మన సంఘంలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ల్యాబ్ టెక్నీషియన్లున్నారు, కువి, కోయ మాట్లాడగల మిత్రులున్నారు. దీనికి కావలసింది డబ్బు కన్నా మనుషులు. మొదటి పేరు నాది రాసుకోండి.

ఈ బడిలో మనకు మొదట నేర్పింది అక్షరాలు దిద్దుకోవడం. డిఎన్ఎలోని తప్పును ఇవాళ మన చేతులతో దిద్దలేం. కాని దాన్ని చదవగలం, చదివి ముందుగా జాగ్రత్తపడగలం.